ముందు సీట్లో పళ్ళెం

కార్ల షోరూముల్లో కొత్తగా పనికి చేరుతున్న ఆడపిల్లలు, మగపిల్లలు చదవాలని ఇది రాస్తున్నాను. నేను కరీంనగర్‌లో అలాంటి ఒక చోట పదిహేడేళ్ళు పనిచేశాను. మొదట ఊడ్చే పని, తర్వాత బండ్లు కడిగే పని, చివరి ఆరేళ్ళు డెలివరీ గదిలో పని. రిటైరయ్యానని మా వాడకట్టులో చెప్పుకుంటాను. అది పూర్తిగా నిజం కాదు. ఎలా రిటైరయ్యానో కూడా ఇందులోనే వస్తుంది.

నేను పుట్టింది ఆదిలాబాద్ వైపు ఒక పల్లెలో. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ మాటల్లో సగం మరాఠీ ఉండేది. చదువు మాత్రం ఏ భాషలోనూ లేదు, ఆమెకూ నాకూ. పెళ్ళయ్యాక కరీంనగర్ వచ్చి బీడీలు చుట్టాను. వేళ్ళు పట్టు తప్పాక షోరూంలో చీపురు పట్టాను. నలభై ఆరో ఏట దాకా నాకు అక్షరం ముక్క రాదు.

అక్షరాలు నేర్చుకోవాల్సిన అవసరం డెలివరీ గదిలోనే పడింది. బండి తీసుకోవడానికి వచ్చే ప్రతి కుటుంబం కోసం ఒక నల్ల బోర్డు మీద 'శుభాకాంక్షలు' అని, కింద ఇంటి యజమాని పేరు అంటించాలి. బంగారు రంగు అట్ట అక్షరాలు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ముందు పనిచేసిన ఆమె మానేస్తే ఆ డబ్బా నా చేతికి వచ్చింది. కాగితం మీద రాసిచ్చిన ఆకారాన్ని డబ్బాలోని ఆకారంతో పోల్చి, ముగ్గు వేసినట్టు పేర్చేదాన్ని. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి అది చూసి, అన్నం తినే వేళ రోజుకు రెండు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీద రోడ్డు భద్రత పోస్టరు ఒకటి ఉండేది. సీటు బెల్టు పెట్టుకోండి, మీ ఇంటివాళ్ళు మీ కోసం ఎదురుచూస్తున్నారు అని దాని మీద ఉండేది. నా జన్మలో నేను ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి వాక్యం అదే. చదివిన రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను.

ఇక పని సంగతి. పెద్ద బండి కొనడం మా వైపు ఇంట్లో శుభకార్యం లాంటిది. ముసలివాళ్ళతో, చంటిపిల్లలతో పది పదిహేను మంది మంచి బట్టలు కట్టుకుని వస్తారు. బండి మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంచుతాం. అందరూ కలిసి దాన్ని లాగుతారు. కొబ్బరికాయ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, ఫోటోలు. తర్వాత పూజ పళ్ళెం ముందు సీట్లో పెట్టి బండిని గేటు దాకా నెమ్మదిగా నడిపిస్తాం. మొదటి సవారీ దేవుడిదన్నమాట. చర్చికి పోయేవాళ్ళు వస్తే ఆ చోట బైబిలు, పూలదండ, కేకు పెట్టె పెట్టేవాళ్ళం.

చిక్కల్లా ఇక్కడే. దేవుని పటం, కొబ్బరికాయలు, పండ్లు, మిఠాయి పెట్టె కలిసి బాగా బరువుంటాయి. బండికి దేవుడెవరో మనిషెవరో తెలియదు. సీట్లో బరువు పడింది, బెల్టు పెట్టలేదు అని టింగు టింగుమని మోగుతూనే ఉంటుంది. ఒకసారి ఆ మోత వీడియోలో పడి, బండి తొలి అడుగుకే ఏడ్చిందని ఒకాయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఒక బిళ్ళ వాడటం మొదలైంది. బెల్టు చివర ఉండే ఇనుప నాలుక లాంటిదే, వెనక పట్టీ ఉండదు. దాన్ని బెల్టు గూట్లో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారనుకుని బండి నోరు మూసుకుంటుంది. ఇలాంటివి అమ్మకూడదని పైనుంచి మాట వచ్చాక కౌంటర్లో అమ్మడం మానేశారు. మా గదిలో వాడటం మానలేదు.

బండిని గదిలోంచి గేటు దాకా నడిపేది చాచా. షోరూం తెరిచిన రోజునుంచి ఉన్న డ్రైవరు. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా. నాతో తెలుగులోనే మాట్లాడేవాడు గానీ కోపం వస్తే సగం ఉర్దూలోకి పోయేవాడు. గేటు దగ్గర ఆగగానే పళ్ళెం తీసి ఇంటివాళ్ళ చేతికిచ్చి, బిళ్ళ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒక్కసారి కూడా మరిచిపోయింది లేదు.

పెద్దపల్లి వైపు పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చి ఏడు సీట్ల బండి రాయించుకుంది. వరి పండించే ఇల్లు. ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, వాళ్ళందరి మీద తల్లి. ఆమెది నా వయసే, ఒకటి రెండేళ్ళు పెద్ద. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అన్నది. సోఫాలో కూర్చోమంటే జారిపోతున్నట్టుందని లేచి వచ్చి, నేను బండ్లు తుడిచే చోట మెట్టు మీద కూర్చుంది.

ఆర్డరు రాసే రోజు ఇల్లంతా ఒకరితో ఒకరు పడలేదు. పెద్దకొడుకు నలుపు అన్నాడు, చిన్నవాడు తెలుపు అన్నాడు. పిల్లలు పైన అద్దం తెరుచుకునే రకమే కావాలన్నారు. అమ్మే కుర్రాడు ఆ అద్దం గురించి గొప్పగా చెబుతుంటే ఆమె అంతా విని, "ఇంటి కప్పుకు కంత పడ్డదని నిన్ననే పెంకులు సదిరిచ్చిన బిడ్డా. పైసలిచ్చి బండికి కంత పెట్టిచ్చుకోవాల్నా?" అంది. షోరూం మొత్తం నవ్వింది. చివరికి మనవరాలు ముఖం ముడుచుకుంటే కంత ఉన్నదే రాయించింది.

బండి ఎవరి పేరు మీద అన్న దగ్గర నవ్వులు ఆగిపోయాయి. పెద్దకొడుకు తన పేరు మీదే ఉండాలన్నాడు. తోలేవాడు చిన్నవాడు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు, తోలేవాడి పేరే అంది. పెద్దవాడు లేచి పోయాడు. కాగితాలు పూర్తయ్యేదాకా బయట నిలబడి ఫోను చూసుకున్నాడు.

బండి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో కంటి డాక్టరు దగ్గరికనో, చుట్టాల ఇంటికనో కరీంనగర్ వచ్చిన ప్రతిసారీ ఆమె నా దగ్గరికి వచ్చేది. కొంగులో జామకాయలో, ఉడకబెట్టిన పల్లికాయో ఉండేది. మన బండి యాడిదాక వచ్చింది చెల్లె అని అడిగేది, అది నడిచి వస్తున్నట్టు. ఇంకా పుట్టలేదక్కా అంటే, మా చిన్న కోడలు గూడ ఇంత ఆలస్యం చెయ్యలేదనేది. చాచా అక్కడుంటే ఆయనకూ ఒక జామకాయ ఇచ్చేది.

ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆమె ముందే పంచి పెట్టేసింది. సీట్లు ఏడు, మనుషులు తొమ్మిది మంది. ముందు సీటు తనది. వెనక కూర్చుంటే ఆమెకు వాంతులవుతాయి. అందుకే బాసర ఎన్నడూ పోలేదట. బస్సులో రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ జగిత్యాలలో దిగి వెనక్కి వచ్చింది. ఇప్పుడు మనవరాలికి అక్షరాభ్యాసం చేయించాలి, సొంత బండిలో, ముందు సీట్లో కూర్చుని పోవాలి. నేను ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నానంటే ఆమె చాలాసేపు నా చేతుల వైపు చూసింది. నాకు గూడ చెప్పరాదు చెల్లె అంది. ఆమె పేరులోని మొదటి అక్షరం బంగారు రంగుది డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టాను. కొంగుకు ముడేసుకుని పోయింది. బోర్డు మీద ఒక అక్షరం తక్కువైందని ఆ వారం సారు నన్ను తిట్టాడు. సారు అంటే మా మేనేజరు.

డెలివరీ రోజు చలికాలం పొద్దు. తెల్ల బండి. అన్నీ సవ్యంగానే జరిగాయి. గేటు దగ్గర చాచా పళ్ళెం తీసి పెద్ద కోడలి చేతికిచ్చాడు, బిళ్ళ పీకి జేబులో వేసుకున్నాడు. ఆమె ముందు సీటు ఎక్కి కూర్చుంది. వెంటనే మోత మొదలైంది. నేను బెల్టు లాగి పెట్టాను. ఆమె పొట్టి మనిషి, పట్టీ సరిగ్గా గొంతు మీదికి వచ్చింది. కిందికి జరిపితే మళ్ళీ పైకి వచ్చింది. కొత్త బండి వాసనకు అప్పటికే ఆమెకు కడుపులో తిప్పుతోంది. బెల్టు తీసేసింది. మళ్ళీ మోత. చుట్టాలంతా చూస్తున్నారు, ఎవరో నవ్వారు. చిన్నకొడుకు అవతల సారుతో చేయి కలుపుతూ ఫోటో దిగుతున్నాడు.

ఆమె నా వైపు చూసి, "చెల్లె, జర దీని నోరు మూయించు. ఇల్లు చేరేదాకనే," అంది.

నేను చాచా ముందు చేయి చాపాను. ఆయన జేబు మీద అరచేయి పెట్టుకున్నాడు.

"బహెన్, అది దేవుని పటానికి. మనిషికి కాదు."

అక్కకు వాంతి వచ్చేట్టుంది, నలుగురిలో ఇజ్జత్ పోతుందని నేనన్నాను. ఆయన ఇవ్వలేదు. నేనే నవ్వుకుంటూ ఆయన జేబులోంచి తీసుకున్నాను. అంత చనువు ఉండేది మా మధ్య. తీసుకుని గూట్లో గుచ్చాను. మోత ఆగింది. ఇల్లు చేరగానే తీసెయ్యాలక్కా అని చెప్పాను. ఆమె తల ఊపింది. ఎలా తీయాలో నేను చూపించలేదు. చూపించాలని తోచలేదు. ఆమె సీటుకు వెనక్కి ఆనుకుని శాలువా గొంతు దాకా లాక్కుంది.

"గిప్పుడు మంచిగున్నది సూడు. ఏం సప్పుడు లేదు," అంది.

వాళ్ళు బండిని ఇంటి ముందు గుడ్డ కప్పి ఉంచారు. మంచిరోజు చూసి నాలుగో నాడు తెల్లవారుతూనే బాసర బయలుదేరారు. ఆమె శాలువా కప్పుకుని ముందు కూర్చుంది. బండి మోగలేదు కాబట్టి శాలువా కింద బెల్టు ఉందనుకున్నాడు చిన్నకొడుకు. మా వైపు ఆ కాలంలో రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోస్తారు. మంచుకు తడవకుండా కుప్ప చేసి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. ఈ ఇంటివాళ్ళూ పోసేవాళ్ళే. జగిత్యాల దాటాక పొగమంచులో ఆ నల్ల పట్టా నల్ల రోడ్డులో కలిసిపోయింది. ఎడమ చక్రాలు కుప్ప మీదికెక్కాయి. బండి ఒక పక్కకు ఒరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెనక ఉన్నవాళ్ళకు దెబ్బలు, మనవరాలికి చేయి విరిగింది. చిన్నకొడుకును బెల్టు పట్టి ఆపింది. ఆమెను ఆపేదేమీ లేదు. కరీంనగర్ ఆసుపత్రి చేరకముందే పోయింది.

కబురు వచ్చినప్పుడు నేను ఇంకెవరి పేరో బోర్డు మీద అంటిస్తున్నాను. చాచా వచ్చి చెప్పాడు. చెప్పి అక్కడే నిలబడ్డాడు. ఆ పేరులో ఇంకా మూడు అక్షరాలు మిగిలున్నాయి. అంటించాను. ఎందుకు అంటించానో ఇప్పటికీ తెలియదు.

రెండు రోజులకు బండిని లారీ మీద వేసుకుని మా వెనక యార్డుకు తెచ్చారు. ఇన్సూరెన్స్ సర్వేయరు మరునాడు వస్తాడు. సారు నన్ను పిలిచి, బండిలో వాళ్ళ సామాను తీసి పక్కన పెట్టమన్నాడు. బండితో పాటు రానిదేదైనా అందులో ఉంటే అది కూడా తీసెయ్యమన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండరు చూశాడు.

చెప్పులు తీశాను. పులిహోర గిన్నె తీశాను. ఎర్ర చట్రం పలక ఒకటి వెనక సీటు కింద ఉంది, పగల్లేదు. ముందు సీటు పక్కన గూట్లో బిళ్ళ ఉంది. నేను గుచ్చినట్టే ఉంది. ఎర్ర మీట నొక్కితే చిన్న పిల్లల ఆటబొమ్మలాగా సులువుగా ఊడి వచ్చింది. కొంగుకు ముడేసుకున్నాను. చాచా యార్డు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

నేను ఇక్కడ చెప్పదలచుకున్న అసలు రోజు ఆ మరునాడే. సర్వేయరు, మా మెకానిక్, సారు, అన్నదమ్ములిద్దరూ బండి చుట్టూ నిలబడ్డారు. నన్ను మంచినీళ్ళు తెమ్మన్నారు. చిన్నకొడుకు నుదుటి మీద కట్టు ఉంది. అవ్వ బెల్టు పెట్టుకుంది, బెల్టే పట్టు తప్పింది, కంపెనీ మీద కేసు వేస్తానని చెబుతున్నాడు. సర్వేయరు బెల్టును చివరిదాకా లాగి చూశాడు. బరువు పడిన బెల్టు సాగిన గుర్తు కనిపిస్తుందట. డ్రైవరు బెల్టు మీద ఉంది, దీని మీద లేదు. ఈమె పెట్టుకోలేదు అన్నాడు.

"పెట్టుకోకుంటే బండి మొత్తుకుంటది గద సార్. ఇంటికాన్నుంచి ఒక్కసారి గూడ మొత్తుకోలే," అన్నాడు చిన్నకొడుకు.

సర్వేయరు మెకానిక్కు సైగ చేశాడు. మెకానిక్ వేరే బ్యాటరీ తెచ్చి తగిలించాడు. చితికిన తలుపులోంచి ఒంగి, ఆ సీటు మీద ఇసుక సంచి పెట్టి తాళం తిప్పాడు.

టింగు టింగుమని యార్డంతా మోగింది. అంత దెబ్బ తిన్న బండిలో అదొక్కటే కొత్తదిలా పనిచేసింది.

పెద్దకొడుకు తమ్ముడి వైపు తిరిగాడు. "ఇంకేం చెప్తవురా? బండి మొత్తుకుంటనే ఉండె. నువ్వు పాటలు పెట్టుకొని తోలినవ్."

"లేదన్నా. ఆ దినం రాలే."

"అవ్వను సంపి, మల్ల బెల్టు మీద పెడ్తున్నవా?"

చిన్నవాడు ఒంగి ఆ గూడును చూశాడు, వేలు పెట్టి తడిమాడు. అందులో ఏమీ లేదు. నేను నాలుగు అడుగుల దూరంలో గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. బిళ్ళ నా కొంగు ముడిలో బొడ్డు దగ్గర తగులుతోంది. మోత ఆపమని సారు అనేదాకా మెకానిక్ ఆపలేదు. ఒక్క మాట చెప్పడానికి అంత సమయం చాలు. నేను చెప్పలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చి కడిగాను.

ఆ వారమే డెలివరీ గదిలోకి నా కోసం కుర్చీ వచ్చింది. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. అన్నేళ్ళలో నా మోకాళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. సారు స్వయంగా చెప్పి వేయించాడట. వేసింది పోస్టరుకు ఎదురుగా. కూర్చుని తలెత్తితే ఆ వాక్యమే. అక్షరం రాకముందు ఎంత హాయిగా ఉండేదో అనిపించేది. గోడ మీద ఏముందో మనకు పట్టదు.

చాచా రోజూ నా ముందునుంచి పోతూ ఒకటే మాట అడిగేవాడు. "కుర్చీ మంచిగున్నదా బహెన్?"

చెప్పకపోవడానికి నా దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి. ఇంకో రెండేళ్ళు పని ఉంటే కొంచెం కూడబెట్టుకోవచ్చు. పోయిన మనిషి తిరిగి రాదు. ఇవి కాక, ఇంట్లో తీసెయ్యమని నేను చెప్పానుగా అనే మాట ఒకటి. ఈ మాటను అందరికంటే ఎక్కువ వాడుకున్నాను. పంతొమ్మిది రోజులు వాడుకున్నాను. ఇరవయ్యో రోజు చిన్నకొడుకు మళ్ళీ యార్డుకు వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ బండి పక్కన నిలబడి, తలుపులోంచి చేయి పెట్టి ఆ సీటును అరచేత్తో నొక్కుతున్నాడు. బ్యాటరీ లేని బండి. మోగదు. అయినా నొక్కుతున్నాడు, తల పక్కకు వంచి వింటున్నాడు.

చాచా నా పక్కకు వచ్చి, "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? నాకు నౌకరీ ఫికర్ లేదు. గడ్డం మొత్తం తెల్లగైంది," అన్నాడు.

ఆదివారం వాళ్ళ ఊరికి పోయి నేనే చెబుతానన్నాను.

ఆ ఆదివారం తర్వాత నాకు షోరూంలో పని లేదు. అది ముందే చెప్పేస్తున్నాను, చివర్లో దాన్ని గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. సోమవారం సారు నన్ను కూర్చోమని కూడా అనలేదు. ఆ ఇంటివాళ్ళకు నేను రాసిచ్చిన కాగితం ఫోటో అప్పటికే ఆయన ఫోనులో ఉంది. అందులో నేను చేసిన తప్పే ఉంది. పళ్ళెం కోసం బిళ్ళలు ఎవరు తెప్పించారో లేదు. సామానుతో పాటు అదీ తీసెయ్యమని ఎవరన్నారో లేదు. సారు పేరు ఎందుకు రాయలేదని చాచా కోప్పడ్డాడు. కొత్తగా రాయడం నేర్చుకున్నవాళ్ళు తక్కువ రాస్తారు. రాయని మిగతాది ఇప్పుడు ఇక్కడ రాశాను. చాచా కూడా ఆ నెలాఖరుకు మానేశాడు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉందట, నా తర్వాత వచ్చిన అమ్మాయి కూర్చుంటోందట. ఆ అమ్మాయి ఇది చదివితే బాగుండును.

ఆ ఆదివారం పెద్దపల్లి బస్సు దిగి, ఆటోలో ఆ పల్లెకు పోయాను. ఇంటి ముందు బండి నిలపడానికి కొత్తగా వేసిన రేకుల కొట్టం ఖాళీగా ఉంది. అన్నదమ్ముల పొయ్యిలు వేరయ్యాయి. పెద్ద కోడలు నన్ను గుర్తుపట్టి, షోరూం ఆమె వచ్చింది అని లోపలికి చెప్పింది. కంపెనీ ఏదో పంపించిందనుకున్నారు. పెద్దకొడుకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నవాడు పెరటి గుమ్మంలో నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. మనవరాలు చేతికి పిండికట్టుతో మంచం మీద కూర్చుని ఉంది.

కొంగు ముడి విప్పి బిళ్ళ తీసి అరుగు మీద పెట్టాను. ఇది ఏం చేస్తుందో చెప్పాను. ఆ రోజు గేటు దగ్గర దీన్ని పెట్టింది నేను, డ్రైవరు వద్దన్నా పెట్టింది నేను, బండి యార్డుకు వచ్చాక తీసింది నేను అన్నాను. బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ అంతే. నిమిషం కూడా పట్టలేదు.

ఎవరూ తిట్టలేదు. తిడతారనే పోయాను. పెద్దకొడుకు బిళ్ళను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. పక్కింట్లో ఉండే వాళ్ళ చిన్నాన్నను పిలిపించి, ఆయన ముందు మరొకసారి చెప్పించాడు. ఆ తర్వాత కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు. వేలిముద్ర వేస్తావా, సంతకం వస్తుందా అని అడిగాడు.

రాస్తానన్నాను.

అప్పటిదాకా నేను రాసినవన్నీ చూసి రాసినవే. మనసులోంచి తీసి రాసిన మొదటి కాగితం అది. నాలుగు వరుసలకు చాలాసేపు పట్టింది. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. మనవరాలు మంచం దిగి వచ్చి నా పక్కన నిలబడి, ఒక్కో అక్షరం పడుతుంటే చూసింది. పిల్లకు ఇంకా అక్షరాలు రావు. బాసర పోనే లేదు కదా.

పెద్దకొడుకు ఆ కాగితాన్ని పైకి చదివాడు. చదివి, లేచి, పెరటి గుమ్మం దాకా నడిచాడు. తమ్ముడితో మాట్లాడి ఎన్ని రోజులైందో మరి.

"తమ్మీ. నువ్వు అబద్ధం చెప్పలే," అన్నాడు.

చిన్నవాడు ఆ కాగితం తీసుకోలేదు. దాని వైపు చూడలేదు కూడా.

"అబద్ధం చెప్పలే అన్నా. కానీ అవ్వ బెల్టు పెట్టుకోలే. ఇన్ని దినాలు పెట్టుకున్నదే అనుకున్న. బెల్టే మోసం చేసింది అనుకున్న." గడప మీద కూర్చున్నాడు. "బండి మొత్తుకోలేదని ఒక్కసారి గూడ తలకాయ తిప్పి చూడలే."

నేను నిజం చెబితే అతని బరువు దిగుతుందనుకుని వచ్చాను. అన్నదమ్ముల మధ్య ఉన్నది దిగినట్టే ఉంది. అతని మీద ఉన్నది అక్కడే ఉంది. అంతకుముందు కంపెనీ మీద కోపమన్నా ఉండేది పట్టుకోవడానికి. అది కూడా నేను తీసుకుపోయాను.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. పళ్ళెం వెనక సీటులో ఎవరి ఒళ్ళోనైనా పెట్టండి, దేవుడేమీ అనుకోడు. బండి మోగితే మోగనివ్వండి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి.

బస్సు వేళయిందని లేచాను. పెద్ద కోడలు మంచినీళ్ళిచ్చింది, తాగాను. రోడ్డు దాకా తోడు వస్తానని చిన్నకొడుకు లేచాడు. బైకు ఉంది గానీ తీయలేదు. నడిచే వచ్చాడు, నాకు రెండడుగుల ముందు. కోతలయిపోయాయి, రోడ్డు మీద వడ్లు లేవు. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్ళు మాత్రం అంచున అలాగే ఉన్నాయి. అతను ఒక్కో రాయినీ కాలితో పక్కకు తోస్తూ నడిచాడు.

బస్సు దూరంగా కనబడ్డాక అడిగాడు. "ఆ దినం బండి ఎక్కినంక అవ్వ నీతోని ఏమన్న అన్నదా?"

లేదని చెప్పవచ్చు. అప్పటికి చెప్పకుండా ఉండటం నాకు బాగా అలవాటైంది.

"అన్నది బిడ్డా," అన్నాను. "'గిప్పుడు మంచిగున్నది సూడు. ఏం సప్పుడు లేదు' అన్నది."

అతను తల ఊపాడు. చేయెత్తి బస్సును ఆపాడు.